ముందు గీకాలి, తర్వాతే రంగు



ఈసారి నేను రాస్తున్నది కారు చక్రాల సంగతి. వాక్యధ్యానం కోసం వచ్చినవాళ్లు ఇదేందబ్బా అనుకోవచ్చు. కానీ హిందూపురంలో, పెనుకొండలో, ధర్మవరంలో ఆరాధన అయిపోయాక చెట్టు కింద నిలబడి మనవాళ్లు నన్ను అడిగే ప్రశ్నల్లో ఇప్పుడు ఇదీ ఒకటి. "అయ్యగారూ, అలాయ్ వీల్ మీద రంగు పెచ్చు లేచింది, ఏం చేయాల?" నా బండి చక్రాలు నేనే బాగు చేసుకుంటానని తెలుసు కాబట్టి అడుగుతారు. ఒక్కొక్కరికి విడిగా చెప్పే బదులు ఇక్కడ రాస్తే అందరికీ పనికొస్తుంది. చివర్లో ఒక తమ్ముడి చక్రం సంగతి కూడా చెప్పాలి. అది చెప్పడానికి అతని అనుమతి తీసుకున్నాను, పేరు మాత్రం రాయను.

పదేళ్ల కిందట మన పల్లెల్లో అలాయ్ వీల్ అనే మాట వినబడేదే కాదు. ఇనుప రిమ్ము, దాని మీద ప్లాస్టిక్ మూత, అంతే. మూత పగిలితే ఇంకొకటి, రిమ్ముకు తుప్పు పడితే చిన్న సిల్వర్ రంగు డబ్బా. 2017లో కియా కంపెనీ మన ప్రభుత్వంతో ఒప్పందం చేసుకోవడం, పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో ఫ్యాక్టరీ లేవడం, 2019 ఆగస్టులో అక్కడ తయారైన సెల్టోస్ అమ్మకానికి రావడం, అంతా మన కళ్ల ముందే జరిగింది. ఏడాదికి 3 లక్షల కార్లు చేసేలా కట్టిన ఫ్యాక్టరీ అది. వేరుశనగ చేలు, చింతచెట్లు తప్ప ఏమీ కనబడని దారిలో కొరియా అక్షరాల బోర్డులు వెలిశాయి. మన పిల్లలు కొందరు అక్కడ పనికి చేరారు, కొందరు అక్కడికి షిఫ్టు మనుషుల్ని దింపే బండ్లు నడుపుతున్నారు. చేతిలో నాలుగు డబ్బులు ఆడేసరికి ఇంటి ముందుకు ఒక సెకండ్ హ్యాండ్ కారు వచ్చింది. దానికి అలాయ్ వీల్స్ ఉన్నాయి. ఆ వీల్స్‌కు గీతలు కూడా ఉన్నాయి.

నాకూ ఒక పాత కారుంది. ఒక విశ్వాసుల కుటుంబం కొత్తది కొనుక్కుని, పాతదాన్ని పరిచర్యకు వాడుకొమ్మని తక్కువ ధరకు ఇచ్చారు. దానికి అలాయ్ వీల్స్ అప్పటికే ఉన్నాయి. "పాస్టరుకు అలాయ్ వీల్స్ ఎందుకో" అని ఒకరిద్దరు గొణిగినట్టు విన్నాను. వాటిని పీకి ఇనుపవి వేయించాలంటే ఇంకా ఖర్చు. ఆ మాట అక్కడితో వదిలేశాను.

మన ఊళ్లలో చక్రం మీద రంగు ఎక్కడ ఊడుతుందో చూడండి. పెద్ద రోడ్డు మీద కాదు, ఇంటి ముందే. కాలువ మీద వాలుగా పరిచిన బండ ఉంటుంది కదా, దాని అంచు కత్తిలా ఉంటుంది. గేటులోకి తిప్పేటప్పుడు ముందు చక్రం ఆ అంచుకు రాసుకుంటుంది. రెండోది టైరు మార్చే చోటు. కమ్మీ పెట్టి టైరు ఊడదీసేటప్పుడు రిమ్ము అంచు దెబ్బ తింటుంది. కమ్మీకి, రిమ్ముకు మధ్య పెట్టే ప్లాస్టిక్ ముక్క ఒకటుంటుంది, అది అడిగి పెట్టించుకోండి, సిగ్గుపడొద్దు. మూడోది కంకర. సోమందేపల్లి నుంచి పెనుకొండ వైపు పోయేటప్పుడు, 44వ నంబరు జాతీయ రహదారి మీద, ముందు పోయే టిప్పరు నుంచి ఒక్క రాయి ఎగిరినా చాలు, ఆవగింజంత పెచ్చు లేస్తుంది. నాలుగోది నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది. కొన్ని చోట్ల బండి కడిగేవాళ్లు చక్రం త్వరగా తెల్లబడాలని బాత్రూములు కడిగే ఆసిడ్ చల్లుతారు. అల్యూమినియానికి ఆసిడ్ పడదు, కాస్టిక్ సోడా కూడా పడదు. ఆ రోజు మెరుస్తుంది, నాలుగు నెలలకు రంగు బుడగలు కడుతుంది.

అల్యూమినియం అన్నాను కాబట్టి ఒక మాట. సంఖ్యాకాండము 31వ అధ్యాయంలో లోహాల జాబితా ఉంది. బంగారం, వెండి, ఇత్తడి, ఇనుము, తగరం, సీసం. అల్యూమినియం లేదు, ఉండడానికి వీల్లేదు. మట్టిలో అది ఎంత ఉన్నా, దాన్ని విడదీయడం మనిషికి 1825 దాకా చేతకాలేదు. 1886లో అమెరికాలో హాల్, ఫ్రాన్సులో హెరూ, ఇద్దరూ ఒకరికొకరు తెలియకుండా కరెంటుతో దాన్ని తీసే పద్ధతి కనిపెట్టాకే అది చవకైంది. అంతకుముందు రాజుల ఇళ్లలో ఉండేది, ఇప్పుడు మన అన్నం గిన్నెల్లో, చక్రాల్లో ఉంది. చక్రాల్లో వాడేది ఒట్టి అల్యూమినియం కాదు. సాధారణంగా అందులో నూటికి 7 పాళ్ల దాకా సిలికాన్, అర పాలు కూడా ఉండని మెగ్నీషియం కలుపుతారు. కరిగించి అచ్చులో పోశాక మళ్లీ వేడి చేసి, చల్లార్చి, గట్టిపరుస్తారు. ఈ వేడి సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

అల్యూమినియానికి ఇనుములా ఎర్ర తుప్పు రాదు. గాలి తగిలిన వెంటనే దాని మీద కంటికి కనబడని పొర ఒకటి ఏర్పడి, అదే దానికి కాపలా కాస్తుంది. అందుకే చాలామంది "అలాయ్‌కి తుప్పు పట్టదు" అంటారు. అది సగం నిజం. రంగు పెచ్చు లేచిన చోట తేమ, మురికి, ఉప్పు, బ్రేకుల నుంచి రాలే ఇనుప ధూళి చేరతాయి. అప్పుడు రంగు అంచు కింద నుంచి తెల్లటి దారాలు పాకడం మొదలవుతుంది. చెదలు గోడ మీద మట్టి దారి కట్టినట్టు, సన్నగా, వంకరగా. పై రంగు చూస్తే బాగానే ఉంటుంది. గోరుతో గీకితే పొలుసులా లేచి వస్తుంది, కింద తెల్లటి పొడి ఉంటుంది. పెచ్చు ఆవగింజంతే కదా అని దాని మీద మాత్రం రంగు చుక్క పెడితే, ఆ దారాలు రంగు కింద హాయిగా నడుస్తూనే ఉంటాయి.

ఈ పని నాకు నేర్పింది హిందూపురంలో ఒక పెయింటర్ భాయ్. ఆయన షెడ్డు రేకుల షెడ్డు, ముందు వేపచెట్టు. ఆయన నమాజు వేళకు గన్ను కింద పెట్టేస్తాడు, నేను ఆ కాసేపు చెట్టు కింద కూర్చుంటాను. మొదటిసారి నేను చక్రం పట్టుకుపోయినప్పుడు రంగు డబ్బా ఏ నంబరు కొనాలని అడిగాను. ఆయన రంగు మాటే ఎత్తలేదు. నీళ్ల బకెట్టు, సబ్బు, వాటర్ పేపరు చేతికిచ్చి, "గీకండి అయ్యగారూ" అన్నాడు. ఎంతసేపు గీకాలి అంటే, "గోరు ఆనకుండా పోయేదాకా" అన్నాడు.

ఈ పని మొత్తంలో ముఖ్యమైనది ఆ గోరు పరీక్షే. పెచ్చు లేచిన చోట పాత రంగుకు ఒక అంచు ఉంటుంది, చిన్న మెట్టులాగా. ముందు 240 నంబరు కాగితంతో వదులైన రంగునంతా తీయాలి. తెల్ల దారం ఎంతదూరం పోయిందో అంతదూరం పోవాలి. ఆవగింజంత పెచ్చు కోసం మొదలుపెడితే ఒక్కోసారి రూపాయి బిళ్లంత జాగా గీకాల్సి వస్తుంది. అప్పుడు భయమేస్తుంది, ఉన్న రంగును కూడా పాడు చేస్తున్నామే అని. మంచి లోహం, మంచి రంగు తగిలేదాకా పోయాక ఆగాలి, అంతకుముందు కాదు. తర్వాత 400, ఆపైన 600 కాగితం తడిపి, మెట్టు వాలుగా అయ్యేదాకా నున్నగా రుద్దాలి. కళ్లు మూసుకుని గోరు అడ్డంగా లాగండి. ఎక్కడైనా ఆనిందా, ఇంకా పనుందన్నమాట. కన్ను మోసపోతుంది, గోరు మోసపోదు అంటాడు భాయ్.

ధర్మవరంలో మగ్గం మీద కూర్చునే మనవాళ్లకు ఇది చెబితే ఇట్టే అర్థమైంది. తెగిన పోగును ఎక్కడ తెగిందో అక్కడే ముడేస్తే నిలవదు, నలిగిన మేర వదిలేసి గట్టి పోగు దొరికిన చోట అతకాలి అన్నారు. క్రిస్మస్‌కు ముందు మన మందిరానికి సున్నం కొట్టే ఆయన కూడా అంతే. మొదటి రోజంతా పొలుసులు గీకడమే. పెద్దలు "ఇంకా సున్నం మొదలుపెట్టలేదేం" అని విసుక్కుంటారు.

గీకుతూ కూర్చున్నప్పుడు నాకు ఎప్పుడూ లేవీయకాండము 14వ అధ్యాయం గుర్తుకొస్తుంది. మనలో చాలామంది దాటేసి పోయే అధ్యాయం అది. ఇంటి గోడలకు పట్టిన పొడ గురించి అందులో ఉంది. ఇంటివాడు తానే యాజకుడి దగ్గరకు వచ్చి, నా ఇంట్లో ఏదో పొడలాంటిది కనబడుతోందని చెప్పాలి. యాజకుడు వచ్చి చూసి, ఇంటిని ఏడు రోజులు మూయించి, మళ్లీ వచ్చి చూడాలి. అది పాకి ఉంటే, ఆ రాళ్లు పెరికి ఊరి బయట పారేయాలి, లోపలి గోడలన్నీ గీకి ఆ దుమ్మును కూడా బయట పోయాలి. ఆ తర్వాతే వేరే రాళ్లు, వేరే అడుసు. సెమినరీలో ఈ భాగం పరీక్షకు వస్తుందని చదివాను. వాటర్ పేపరు చేతిలో ఉన్నప్పుడు చదివినట్టు మాత్రం కాదు. రోగం ఎంత దూరం పోయిందో చూడకుండా పై పూత పూయొద్దని అంత వివరంగా రాసి పెట్టిన గ్రంథం మనది. యెహెజ్కేలు 13వ అధ్యాయంలోనేమో దానికి ఎదురు మనుషులు కనబడతారు. ఎవరో బలం లేని గోడ కడితే, వీళ్లు దానికి సున్నం పూస్తారు. వాన వచ్చినప్పుడు ఆ గోడ ఏమవుతుందో అక్కడ చదువుకోండి.

సరే, పనిలోకి వద్దాం.

గీకడం అయ్యాక గుంట లోతుగా ఉంటే సన్న లప్పం పెట్టొచ్చు. చక్రం మీద పెట్టే లప్పం అందానికే, బలానికి కాదు. గీత లోతులో పెట్టొచ్చు, ముక్క ఊడిన చోట పెట్టి చక్రం మళ్లీ చేయలేం. ఎండాక మళ్లీ కాగితం, మళ్లీ గోరు. తర్వాత దుమ్ము తుడిచి, స్పిరిట్ అద్దిన శుభ్రమైన గుడ్డతో ఒకసారి తుడవాలి. ఆ తర్వాత అక్కడ వేలు పెట్టొద్దు. మన వేలికుండే జిడ్డు చాలు, రంగు పట్టకపోవడానికి.

టైరు మీద రంగు పడకుండా ఉండాలంటే ఒక చిట్కా ఉంది. టైరుకు, రిమ్ముకు మధ్య సందులో పేక ముక్కలు వరసగా గుచ్చుతారు, చక్రం చుట్టూ పువ్వు రేకుల్లా. మెకానిక్కులందరికీ తెలిసిన పద్ధతే. పాస్టరు ఇంట్లో పేక ముక్కలు ఎక్కడివి? మా ఇంట్లో పాత పెళ్లి పత్రికలు కట్టలు కట్టలుగా ఉన్నాయి. పిలిచిన ప్రతి పెళ్లికీ పోయి ప్రార్థన చేసినవాడికి అవే ఆస్తి. అవి మందంగా ఉంటాయి కాబట్టి పేక ముక్కల కంటే మేలు. ఒకసారి మా ఆవిడ చూసి, ఎవరి పెళ్లి పత్రిక మీద రంగు కొడుతున్నారో వాళ్లకు తెలిస్తే ఇంటికొస్తారు అని నవ్వింది.

అల్యూమినియం మీద మామూలు ప్రైమరు సరిగా పట్టదు. ఎచ్ ప్రైమరు అని అడగండి. అది లోహాన్ని కొద్దిగా కొరికి పట్టుకుంటుంది. పలచగా ఒక పూత, ఆరాక ఇంకొకటి. దాని మీద రంగు, అదీ పలచగా రెండు మూడు పూతలు, పూతకు పూతకు మధ్య 10, 15 నిమిషాలు. చివర క్లియర్ లాకర్. ఒక్కసారే చిక్కగా కొడితే కారుతుంది, కారిన చుక్క ఎండాక మొదటి గీతకంటే వికారంగా ఉంటుంది. ఆవగింజంత పెచ్చుకు ఇంత సరంజామా అక్కర్లేదు. గీకి తుడిచాక చిన్న టచప్ సీసాలోని రంగును అగ్గిపుల్ల మొనతో చుక్కలా దించితే చాలు. ఆ సీసా మూతకుండే కుంచె మాత్రం లావుగా ఉంటుంది, దాన్ని వాడొద్దు.

వేళ చూసుకోండి. మన వైపు ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం రంగు కొడితే అది చక్రాన్ని చేరకముందే గాలిలో సగం ఆరిపోయి, చేత్తో తడిమితే ఇసుకలా గరుకుగా తగులుతుంది. బండి నడిపి వచ్చిన వెంటనే కూడా వద్దు, బ్రేకుల వేడికి చక్రం కాలుతూ ఉంటుంది. పొద్దున ఏడు, ఎనిమిది గంటలకు, నీడలో, గాలి లేనప్పుడు మేలు. వాన ముసురు ఉన్నరోజు లాకర్ పాలలా తెల్లబడుతుంది. మనకు ఆ బాధ ఏడాదిలో ఎన్ని రోజులుంటుందో మీకు తెలుసు కదా!

రంగు కొట్టకూడని చోట్లు కూడా ఉన్నాయి. నట్లు కూర్చునే గుంటల్లో వద్దు. చక్రం వెనక, హబ్బుకు ఆనే చోట వద్దు. అక్కడ మందంగా రంగు ఉంటే, నట్లు బిగించాక ఆ రంగు నలిగి పలచబడి, నట్లు వదులవుతాయి. టైరు అంచు కూర్చునే గాడిలో వద్దు, గాలి కారుతుంది. చక్రం మళ్లీ ఎక్కించేటప్పుడు నట్లను వరసగా కాకుండా ఎదురెదురుగా బిగించండి. 50, 100 కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి చూసుకోండి. రంగు పూర్తిగా గట్టిపడడానికి వారం పడుతుంది, అప్పటిదాకా గట్టి బ్రష్షు పెట్టి రుద్దొద్దు.

ఇంకొక రకం చక్రాలున్నాయి. కొత్త కార్లలో ముఖం మీద వెండిలా మెరుస్తూ, సన్నటి గుండ్రటి గీతలు కనబడే రకం. గీతలు దగ్గరగా చూస్తే పాత గ్రామఫోన్ రికార్డులా ఉంటాయి. అక్కడ రంగే లేదు. లేతు మిషను మీద లోహాన్ని చెక్కి, పైన లాకర్ మాత్రమే వేస్తారు. దాని మీద గీత పడితే సిల్వర్ రంగు పెట్టి కలపాలని చూడొద్దు, ఎంత చేసినా అతుకు కనబడుతుంది. మళ్లీ లేతు మీద పెట్టాల్సిందే, అదీ ఎన్నోసార్లు కుదరదు. చెక్కిన ప్రతిసారీ లోహం పలచబడుతుంది. అలాంటి చక్రం ఉన్నవాళ్లకు నా సలహా, లోహం బయటపడిన చోట తేమ చేరకుండా లాకర్ చుక్క పెట్టి, గీతను గీతగా ఉండనివ్వండి.

ఇంత చదివాక ఎవరైనా అడగొచ్చు, చక్రం అందంగా లేకపోతే ఏం, ఇది ఆడంబరం కాదా అని. కొంత ఆడంబరం ఉందేమో. ఉన్న వస్తువును పాడవకుండా చూసుకోవడం కూడా ఉంది. నా వరకు నాకు, గంటసేపు కింద కూర్చుని నాలుగు చక్రాలనూ చేత్తో తడిమితే, ఏ నట్టు తుప్పు పట్టిందో, ఏ టైరు లోపలి వైపు అరిగిందో, ఎక్కడ మేకు దిగిందో అన్నీ కనబడతాయి. నిలబడి చూస్తే కనబడవు.

ఇప్పుడు ఆ తమ్ముడి సంగతి.

షిఫ్టు మనుషుల్ని దింపే బండి నడుపుతాడు. దాంతోపాటు తనకంటూ ఒక కారు కొనుక్కున్నాడు, ఖాళీ రోజుల్లో కిరాయికి తిప్పేవాడు. ఇంట్లో అవసరం వచ్చి దాన్ని అమ్మాలనుకున్నాడు. ధర్మవరం నుంచి ఒక కుటుంబం చూసి పోయారు. చీరల వ్యాపారం వాళ్లది, నెలకు రెండు మూడుసార్లు బెంగళూరు పోయి వస్తారు. ధర కుదిరింది. చక్రాల మీది గీతలు బాగు చేసిస్తే ఇంకో వారంలో డబ్బులిచ్చి తీసుకుపోతామన్నారు. "అయ్యగారూ, మీరు చేస్తారు కదా, ఒక చేయి వేయండి" అని నా దగ్గరకొచ్చాడు. ఇద్దరం కలిసి భాయ్ షెడ్డుకు పోయాం.

మూడు చక్రాలు మామూలు గీతలే. ఎడమ వైపు ముందు చక్రం దగ్గర భాయ్ కూర్చుని కాగితం తడుపుతుంటే, తమ్ముడు మాటల్లో అన్నాడు, "దీంట్లో మాత్రం వారానికోసారి గాలి పట్టించుకోవాల భాయ్, 33 పెడితే 22కు దిగుతాది, మేకు కూడా లేదు." భాయ్ చేయి ఆగిపోయింది. కాగితం బకెట్టులో పడేసి, "టైరు ఊడదీయిద్దాం" అన్నాడు.

ట్యూబు లేని టైరులో గాలిని పట్టి ఉంచేది టైరూ రిమ్మూ కలిసి. మేకు లేకుండా గాలి దిగుతుంటే వాల్వు కావచ్చు, టైరు అంచు కూర్చునే చోట తెల్ల పొడి పట్టి ఉండొచ్చు, లేదా రిమ్మే పగిలి ఉండొచ్చు. గుంతలో దిగినప్పుడు దెబ్బ ఎక్కువగా తగిలేది మనకు కనబడే ముఖానికి కాదు, కారు కిందికి ఉండే లోపలి అంచుకు. పక్కనున్న పంచర్ షాపులో టైరు తీశారు. లోపలి అంచు దగ్గర వెంట్రుకంత గీత. తమ్ముడు చూసి, "గీతే కదా" అన్నాడు. భాయ్ వాదించలేదు. షెడ్డులోంచి రెండు స్ప్రే డబ్బాలు తెచ్చాడు. ఆ చోటు శుభ్రం చేసి ఎర్ర మందు చల్లి, పది నిమిషాలు ఆగి, పూర్తిగా తుడిచేశాడు. ఎరుపు ఎక్కడా లేదు. తర్వాత తెల్ల మందు చల్లాడు. అది సున్నంలా ఆరింది. మేం ముగ్గురం వంగి చూస్తున్నాం. ఆ తెలుపులోంచి నెమ్మదిగా ఒక ఎర్ర గీత లేచింది, వేలెడు పొడవు. గీతయితే రంగు తుడుచుకుపోతుంది. పగులైతే లోపల దాక్కున్న రంగును తెల్ల పొడి బయటికి పీల్చుకుంటుంది.

తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "మీద రంగు కొట్టేస్తే కనపడదు కదా భాయ్" అన్నాడు.

"కనపడదు" అన్నాడు భాయ్. "అందుకే కొట్టను."

వెల్డింగ్ పెట్టించొచ్చు కదా అని తమ్ముడు అడిగాడు. చేసేవాళ్లు ఉన్నారు. కానీ నేను పైన చెప్పిన వేడి సంగతి ఇక్కడ పనికొస్తుంది. వేడితో లెక్కగా గట్టిపరచిన లోహం అది, వెల్డింగ్ మంట తగిలిన చోట ఆ గట్టిదనం పోతుంది. అతుకు నిలిచినా దాని పక్కన మెత్తబడుతుంది. జాతీయ రహదారి మీద నూరు కిలోమీటర్ల వేగంలో తిరిగే చక్రానికి నేనైతే ఒప్పుకోను. భాయ్ కూడా ఒప్పుకోలేదు.

తమ్ముడు నావైపు చూసి, "మీరేమంటారు అయ్యగారూ" అన్నాడు. అతని ఇంటి పరిస్థితి నాకు తెలుసు. ఏ వాయిదా ఎప్పుడు కట్టాలో కూడా తెలుసు. ఆ ధర్మవరం కుటుంబంలో ఇద్దరు చిన్నపిల్లలున్నారని అంతకుముందే అతనే నాకు చెప్పాడు, కారు చూడ్డానికి వచ్చినప్పుడు వెనక సీట్లో ఎక్కి గెంతులేశారని. నేను వాక్యం ఏదీ ఎత్తలేదు. "ఆ పిల్లలు ఎక్కేది ఈ చక్రం మీదే కదా నాయనా" అన్నాను. అతను ఫోను తీసుకుని వేపచెట్టు అవతలికి పోయాడు. చాలాసేపటికి వచ్చి, "చెప్పేశా. ఒక చక్రం పగిలింది, స్టెప్నీ వేసిస్తా, ధర తగ్గిస్తా అన్నా. ఇంట్లో మాట్లాడి చెప్తామన్నారు" అన్నాడు.

వాళ్లు మళ్లీ ఫోను చేయలేదు. ఒక చక్రం పగిలిందంటే ఇంకేం పగిలిందో అనుకుని ఉంటారు, వాళ్లను తప్పు పట్టలేం. కారు ఇంకో రెండు నెలలు ఇంటి ముందే నిలబడింది. చివరికి అనంతపురం వైపు ఒకాయనకు, చక్రం సంగతి ముందే చెప్పి, మొదట కుదిరినదానికంటే బాగా తక్కువకు అమ్మాడు. ఆ మధ్యలో ఒక వాయిదాకు అప్పు చేశాడు. ఇలాంటి సాక్ష్యాల చివర, దేవుడు పోయినదానికి రెండింతలు ఇచ్చాడని చెప్పడం మనకు అలవాటు. ఇతనికి అలా ఏమీ రాలేదు. ఆ అప్పు ఇంకా కడుతున్నాడు. మొన్న అడిగితే, "బెంగళూరు రోడ్డు మీద పోయేటప్పుడు ఆ మోడల్ కారు కనబడితే చక్రం వైపు చూస్తా అయ్యగారూ, అంతే" అన్నాడు.

ఆ రోజు ఇంకొకటి జరిగింది. పగిలిన చక్రాన్ని గుజిరీ అంగడికి వేద్దామని తమ్ముడు డిక్కీలో పెట్టబోతే భాయ్ ఆపాడు. అల్యూమినియానికి గుజిరీలో మంచి ధరే వస్తుంది, 660 డిగ్రీలకు కరిగిపోతుంది, మళ్లీ ఏ గిన్నెగానో పుడుతుంది. కానీ ముఖం బాగున్న చక్రాన్ని అంగడివాడు కరిగించడానికి పంపకుండా, పక్కన పెట్టి, ఎవరికో సెకండ్ హ్యాండ్ వీల్ అని అమ్ముతాడు, వాడు దాని మీద మంచిగా రంగు కొట్టించుకుంటాడు అన్నాడు. గ్రైండరు తెచ్చి, ప్లగ్గు పెట్టి, చక్రాన్ని కింద పడుకోబెట్టి కాలితో తొక్కిపట్టాడు. ఎర్ర గీత ఉన్న చోట ఒక కోత, దానికి ఎదురుగా ఇంకో కోత, అటు అంచు నుంచి నడిమి దాకా. చెవులు చిల్లులు పడే చప్పుడు, వెండి రంగు పొడి మా కాళ్ల మీద పడింది. తర్వాత రెండు ముక్కల్నీ తమ్ముడి చేతికిచ్చి, "ఇప్పుడు వేసుకో పో" అన్నాడు.